టీవీ ముందు జారిపోయిన ముద్దాయి

పట్టుకున్న దొంగల గురించి చెప్పే రిటైర్డు పోలీసులు మీకు ఊరికి నలుగురు దొరుకుతారు. నేనూ కొందరిని పట్టుకున్నాను. ఆ కథలు చెప్పడం నాకూ వచ్చు. కానీ డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన మీలాంటివాళ్లు అడిగినప్పుడల్లా నాకు చెప్పాలనిపించేది నా చేతిలోంచి జారిపోయిన ఒక మనిషి గురించి. ముప్పై ఏళ్ల సర్వీసులో వారెంట్ల వెనుక వందలసార్లు ఏదో ఒకటి రాసి ఉంటాను. దేవుని ముందు నిలబడి ఇది నేను రాసిందే అని ఒప్పుకోగలిగింది మాత్రం ఆ మనిషి వారెంటు వెనుక రాసిన రెండు వాక్యాలే.

మా నాయన పల్లెల్లో ఉపదేశి. సైకిలు మీద మూడు ఊళ్లు తిరిగి ప్రార్థనలు చేయించేవాడు. అక్షరాలు రాకముందే నాకు బైబిలు వాక్యాలు కంఠతా వచ్చాయి. అలాంటి ఇంట్లోంచి పోలీసుల్లో చేరిన రోజు సంఘ పెద్ద ఒకాయన నా తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశాడు. చచ్చిపోబోయే మనిషికి చేసినట్టు చేశాడని మా అమ్మ తర్వాత నవ్వింది.

డెబ్బైల్లో నన్ను డిప్యుటేషన్ మీద హైదరాబాదు డిటెక్టివ్ విభాగానికి పంపారు. నా భార్య అనంతపురంలో మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలో టీచరు. ఉద్యోగం వదులుకుని రమ్మని నేను అడగలేదు, ఆమె వస్తాననలేదు. కూతురు కూడా అక్కడే పుట్టి అక్కడే నడిచింది. నేను లాడ్జీల్లో, రైళ్లలో, హోటలు బల్లల దగ్గర బతికాను. పట్నం దొంగల లెక్కలన్నీ నాకు తెలిసేవి. నా చొక్కాలు ఏ చాకలి దగ్గర ఉన్నాయో తెలిసేది కాదు. ఒకసారి గుంతకల్లు నుంచి ఒక జేబుదొంగను తీసుకొస్తూ బేడీ ఒక వైపు వాడి చేతికి, ఇంకో వైపు నా చేతికి వేసుకుని, తాళంచెవి గదిలో మరిచి వచ్చానని దారిలో గుర్తుకొచ్చింది. హోటల్లో ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. నా కుడిచెయ్యి వాడికి కట్టేసి ఉంది కాబట్టి, "సార్, మీరు నిదానంగా తినండి, నేను చెయ్యి అట్లే ఆడిస్తా" అని వాడే సర్దుకున్నాడు.

నా కూతురు తనకు ఏడేళ్లప్పుడు క్రిస్మస్ కార్యక్రమంలో ఒక కీర్తన మొత్తం అప్పజెప్పింది. తప్పకుండా వస్తానని ఉత్తరం రాశాను. వెళ్లేసరికి అంతా అయిపోయింది. నా భార్యకు ఏదో ఒక కారణం చెప్పాను. ఆమె విని ఊరుకుంది. ఆ తర్వాత నేను ఎప్పుడొస్తానని అడగడం మానేసింది. అడగకపోవడంలో ఎంత ఉంటుందో నాకు అప్పుడు తెలియలేదు. నన్ను ఏమీ అనడం లేదు కదా అనుకున్నాను.

ఎనభైల్లో జిల్లాకు తిరిగి వచ్చాను. కదిరిలో క్రైం ఎస్సైగా వేశారు. స్టేషను వెనుక క్వార్టర్సులో ఒక చాప, ఒక స్టవ్వు, ఒక పళ్లెం. గోడకు నా కూతురు చిన్నప్పటి ఫోటో. అనంతపురానికి ట్రాన్స్‌ఫర్ వస్తే అన్నీ సర్దుకుంటాయని నమ్మకం. ప్రార్థనలో కూడా అదే అడిగేవాడిని. నా ఇల్లు నాకు ఇవ్వు, దానికి ముందు ట్రాన్స్‌ఫర్ ఇవ్వు అని.

ఆ రోజుల్లోనే టీవీలో ఆదివారం ఉదయం ఒక హిందీ సీరియల్ వచ్చేది. బొంబాయిలో ఒక పోలీసు డిటెక్టివు కథ. వాడు ప్రతి వారం ఒక కేసు తేలుస్తాడు, ప్రతి వారం ఇంట్లో ఏదో ఒకటి పాడు చేసుకుంటాడు. గొడుగులు పోగొట్టుకుంటాడు, అన్నం మాడబెడతాడు, పెండ్లాం అలిగి పుట్టింట్లో ఉంటుంది. వాడు అచ్చం నాలాగే ఉన్నాడని స్టేషన్లో మావాళ్లకు అదొక పండగ.

"సార్, ఈ వారం మీ స్టవ్వు పేలింది టీవీలో," అని మా కానిస్టేబుల్ సోమవారం పొద్దున్నే చెప్పేవాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, తనకల్లు వైపు మనిషి.

నేను ఒక్క వారం కూడా చూడలేదు. సరిగ్గా అదే సమయానికి ఆరాధన. మా చర్చిలో ఆ గంటలో చాపలు చాలా ఖాళీగా ఉండేవి. పాస్టరుగారు మొదటి పాట పాడించి, వెనక్కి తిరిగి మనుషుల్ని లెక్కపెట్టుకుని, "జలప్రళయంలో దేవుడు ఎనిమిదిమందితో ఓడనే నడిపించినాడు, మనం పదకొండుమంది ఉండాము" అనేవాడు. ఆ పదకొండుమందిలో నేను ఉన్నానని నాకు లోపల కొంచెం గర్వం ఉండేది. దాన్ని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక రోజు మా సర్కిల్ ఇన్‌స్పెక్టరు పిలిచి ఒక పాత వారెంటు నా ముందు పెట్టాడు. ధర్మవరం పట్టుచీరల దొంగ. హైదరాబాదులో ఒక లాడ్జిలో చీరల మూటతో నేనే పట్టుకున్న మనిషి. బెయిలు మీద బయటికి వచ్చి కోర్టుకు మళ్లీ రాలేదు. ఐదేళ్లుగా ఆ వారెంటు నెలనెలా కోర్టు నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి కోర్టుకు తిరుగుతూ ఉంది. దాని వెనుక ప్రతి నెలా ఒకే మాట: వెతికినా ఆచూకీ తెలియలేదు. చేతిరాత మారేది, మాట మారేది కాదు.

"వీడి మొగం తెలిసినోడు జిల్లాలో నువ్వొక్కడివే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వాళ్లమ్మ తనకల్లు పక్క పల్లెలో ఉండాది. ఆదివారం ఊరంతా టీవీ ముందర ఉన్నప్పుడు వచ్చి పోతాండాడంట. పట్టుకొని రా. నీ అనంతపురం కాగితం నేనే ఎస్పీ దగ్గరికి తీస్కపోయి సంతకం పెట్టిస్తా."

"ఆదివారమా సార్?"

"ఏమప్పా, మీ దేవుడు ఒక్క వారం లీవు ఇయ్యడా?"

ఇచ్చేస్తాడనే అనుకున్నాను. ఇంటికి పోవడానికే కదా.

ఆ ఏడాది కూడా వానలు లేవు. దారికి రెండు వైపులా వేరుశనగ చెట్లు మోకాలి కింద ఎండిపోయి నిలబడ్డాయి. నేను పంచె కట్టుకుని, చేతిసంచి పట్టుకుని చింతపండు బేరగాడి వేషంలో వెళ్లాను. మా కానిస్టేబుల్ సైకిలు చెయిను ఊడిందని చెప్పి ఆ ముసలమ్మ గుడిసె ముందు కూర్చున్నాడు. అయితే ఆమె గుడిసెలో లేదు. పంచాయతీ ఆఫీసులో టీవీ ముందు, మూల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అందుకని నేను లోపలికి వెళ్లి, ఆమె, తలుపు రెండూ కనబడే చోటు చూసుకుని కింద కూర్చున్నాను.

కిటికీలకు గోనెసంచులు కట్టి గది చీకటి చేశారు. డాబా మీద వెదురు గడకు యాంటెన్నా కట్టి బెంగుళూరు వైపు తిప్పారు. బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తోంది. ఊళ్లో ఎవరికీ హిందీ రాదు. గాజులమ్ముకునే ఒక సాయిబు టీవీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని అందరికీ తెలుగులో చెబుతున్నాడు.

"ఏమంటాండాడు భాయ్?"

"ఉండప్పా, చెప్పనీ. గొడుగు పోయిందంట."

"మల్లా పోయిందా? పోయిన వారమే గదా కొనింది."

"వాడు నిజంగా పోలీసేనా? ఇన్ని వారాలైనా ఒగన్నీ కొట్టలేదే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలుపులోంచి ఒకరిద్దరు లోపలికొచ్చారు. ఒకడు గుండు కొట్టించుకున్న మనిషి, మొక్కు తీర్చుకుని వచ్చినట్టున్నాడు, వంగి వంగి వచ్చి నా ఎడమపక్క సందులో ఇరుక్కుని కూర్చున్నాడు. నేను వెతుకుతున్నవాడికి భుజాల దాకా జుట్టు ఉండేది. నేను కళ్లు మళ్లీ ముసలమ్మ వైపు తిప్పాను.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరు నవ్వుకోకుండా వినాలి. నవ్వినా తప్పు లేదు, జిల్లా అంతా నవ్వింది.

టీవీలో ఆ డిటెక్టివు కూతురి బడిలో వార్షికోత్సవం. పాప పాట పాడుతుంది, రమ్మంది. దారిలో ఒక హంతకుడు ఎదురయ్యాడు, వాడి వెంట పరుగెత్తాడు, పట్టుకున్నాడు కూడా. చొక్కా చిరిగి, ఒక చెప్పు పోయి, బడికి వచ్చేసరికి అంతా అయిపోయింది. మనుషులు లేరు. ఇద్దరు పనివాళ్లు కుర్చీలు మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చుతున్నారు. వాడు మొదటి వరసలో మిగిలిన ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. ఖాళీ స్టేజీ వైపు చూస్తూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏమైందంట వానికి, పిచ్చి పట్టిందా?" అని ఎవరో అడిగారు. సాయిబు చెప్పడం ఇంకా హంతకుడి దగ్గరే ఉంది. చప్పట్లు చూసి ఊరంతా పకపకా నవ్వుతోంది.

ఆ గదిలో హిందీ తెలిసింది సాయిబుకూ నాకే. అందులో పిల్ల కార్యక్రమం తప్పిపోయినవాడిని నేనొక్కడినే. ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కళ్లు కారిపోయాయి, భుజాలు ఎగిరిపడ్డాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ముసలమ్మనూ తలుపునూ మరిచిపోయాను. నేను ఎందుకు వచ్చానో కూడా మరిచిపోయాను.

ఎడమపక్క నుంచి ఎవరో నా చేతిలో తువ్వాలు పెట్టారు.

"తుడుచుకోన్నా," అన్నాడు మెల్లగా.

అటు తిరక్కుండానే తీసుకుని మొహం తుడుచుకున్నాను. తుడుచుకునేకొద్దీ ఇంకా వచ్చింది.

సీరియల్ అయిపోయి గోనెసంచులు తీసినప్పుడు ఎండ కళ్లల్లో పడింది. నా ఎడమపక్క ఖాళీ. తువ్వాలు నా చేతిలోనే ఉంది. ముసలమ్మ నింపాదిగా లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"ఆ తువ్వాల ఇట్లియ్యప్పా. మా వానిది."

"మీ వాడెవరమ్మా?" అన్నాను. అడుగుతుండగానే గుండు కింద ఉన్న మొహం నాకు కనబడింది. అవే చెవులు, గడ్డం మీద అదే గాటు.

"నువ్వు వెతకతాండేవాడే. చింతకాయ కాసేదెప్పుడు, చింతపండు బేరమెప్పుడు సామీ? నువ్వు పోలీసని ఊరందరికీ అప్పుడే తెలిసె." ఆమె తువ్వాలు తీసుకుని దులిపి మడిచింది. "ఐదేండ్లాయె వాన్ని సరింగా చూసి. వచ్చినా గుడిసె చీకట్లో రెండు మాటలు చెప్పి పోయేవాడు. ఈపొద్దు నువ్వు ఆ టీవీ పక్క చూసినంతసేపూ నేను వాని పక్క చూసినా."

బయటికి పరుగెత్తాను. మా కానిస్టేబుల్ చెయిను నిజంగానే ఊడదీసుకుని కూర్చున్నాడు. ఇద్దరం చేలల్లో పడి గుట్ట దాకా పోయాం. గొర్రెలు కాసుకునే ఒకాయన చెయ్యి కర్ణాటక వైపు చూపించి, "ఇంతసేపుకు యాడుంటాడు సార్," అన్నాడు.

కదిరికి తిరిగి వచ్చి, మధ్యాహ్నం స్టేషన్లో వారెంటు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"ఎప్పటి మాదిరే రాసేయండి సార్," అన్నాడు కానిస్టేబుల్. "వెతికినా ఆచూకీ తెలియలేదు. అయిపోయె."

"ఊరందరికీ తెలుసు గదప్పా."

"ఊరు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తాదా? మీ ట్రాన్స్‌ఫర్ చూసుకోండి సార్. వచ్చే వారం మల్లా పోదాం. వాడు యాడికి పోతాడు?"

ఆయన చెప్పింది తప్పేమీ కాదు. ఆ మాట రాస్తే ఎవరికీ నష్టం లేదు. ఇంకో నెల గడుస్తుంది, ఇన్‌స్పెక్టరు మాట మాటగానే ఉంటుంది, నా అనంతపురం నాకు ఉంటుంది. కలం తీశాను. చిన్నప్పుడు మా నాయన పది ఆజ్ఞలు చెప్పించేటప్పుడు తొమ్మిదోది పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం గురించి అని వేలు మడిచేవాడు. అది ఎదుటివాడి మీద చెప్పే అబద్ధం గురించే అనుకుంటూ బతికాను. కళ్లెదుట ఉన్న మనిషిని కనబడలేదని రాసే అబద్ధం కూడా అందులోకే వస్తుందని ఆ మధ్యాహ్నం కానీ తోచలేదు. ఆరాధన ఎగ్గొట్టి వచ్చిన రోజు కావడం వల్ల భయం కూడా వేసి ఉండవచ్చు. ఏదైతేనేం, ఇలా రాశాను: ముద్దాయి నా పక్కనే కూర్చున్నాడు. నేను టీవీ చూస్తూ ఏడుస్తూ ఉన్నందువల్ల పట్టుకోలేకపోయాను.

మరుసటి రోజు ఇన్‌స్పెక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇదేందప్పా? వారెంటు రిపోర్టా, మీ చర్చిలో పాపాలు ఒప్పుకునేదా?"

"జరిగింది అదే సార్."

"చించేసి ఇంకోటి రాయి."

"కోర్టు కాగితం సార్. చించేదానికి లేదు."

ఆయన మంచివాడే, కోపం కూడా రాలేదు. "అట్లయితే నువ్వు అనంతపురం పోయేదానికి కూడా లేదు," అని ఫైలు పక్కకు నెట్టాడు.

మెజిస్ట్రేటు ఆ రెండు వాక్యాలూ కోర్టులో పైకి చదివి, "సీరియల్ అంత బాగుంటుందా?" అని అడిగాడు. లాయర్లు బల్లలు చరిచి నవ్వారు. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. వేరే స్టేషన్లవాళ్లు వైర్‌లెస్‌లో, "కదిరి, ఈ వారం ఏడ్చినారా?" అని అడిగేవాళ్లు.

ఆ మనిషి కొన్ని నెలల తర్వాత హిందూపురంలో ఇంకెవరికో దొరికాడు. సబ్‌జైలుకు వెళ్లి చూశాను.

"తువ్వాలు ఎందుకిచ్చినావు?"

"ఏడుస్తాంటివి గదా సార్."

"నేనెవరో తెలీదా నీకు?"

"తెలియకేం. తెలిసే కూచుంటి. టీవీ యెలుతురులో మా యమ్మకు నేను బాగా కనపడే జాగా ఆడ అదొగటే ఉండె."

పళ్లు తీసుకెళ్లాను, ఇచ్చి వచ్చాను.

అది తర్వాతి సంగతి. కోర్టులో నవ్వులు అయిన మరుసటి ఆదివారం నేను అనంతపురం వెళ్లాను. ట్రాన్స్‌ఫర్ ఇక రాదని నా భార్యకు నేనే చెప్పాలి. చర్చిలో మగవాళ్ల వైపు వెనుక చాప మీద కూర్చున్నాను. ఆడవాళ్ల వైపు నా భార్య, ఆమె పక్కన పొడుగ్గా ఎదిగిన నా కూతురు. పాటల్లో వాళ్లిద్దరి గొంతులు పట్టుకుందామని చూశాను. నాకు విడిగా వినబడలేదు. ఆరాధన అయ్యాక కూతురు స్నేహితురాళ్లతో ముందుకు వెళ్లిపోయింది. నా భార్య గేటు దగ్గర ఆగింది.

"విన్నాను," అంది. "ఏడ్చినారంట గదా. దేనికి?"

చెప్పాను. ఖాళీ కుర్చీలు, చప్పట్లు. ఆమె ఎక్కడా అడ్డు రాకుండా విన్నది.

"పాప కీర్తన చెప్పిన దినం మీకు డ్యూటీ పడిందన్నారే."

"పడలేదు. లాడ్జిలో పేకాటలో కూర్చుని రైలు పోగొట్టుకున్నా."

"నాకు ఆ వారమే తెలిసింది. మీ తోటి ఆయప్ప భార్య చెప్పింది."

"అడగలేదే మరి?"

"మీరే చెప్తారని చూసినా. అప్పటినుంచి మీరు డ్యూటీ అంటే నమ్మేది మానుకున్నా."

"ట్రాన్స్‌ఫర్ ఇంక రాదు," అన్నాను.

"కదిరి నుంచి అనంతపురానికి పొద్దు పుట్టినప్పటినుంచి బస్సులు తిరగతాండాయి," అంది ఆమె. "నాలుగేండ్లుగా తిరగతానే ఉండాయి. ట్రాన్స్‌ఫర్ అయితేనే రావాలని మీతో ఎవరు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. దేవునితో కూడా నేనే చెప్పాను.

"వచ్చే ఆదివారం వస్తా," అన్నాను.

ఆమె పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం రోస్టరు గోడకు అంటించారు. ఆదివారం నా పేరు. ఒక మంత్రి వస్తున్నాడు. సెలవు అడిగాను, ఇన్‌స్పెక్టరు మొహం చూసి మళ్లీ అడగలేదు. ఆమెకు కార్డు రాద్దామని కూర్చున్నాను. డ్యూటీ పడింది, రాలేను. రాసి చూసుకుంటే అది అన్నాళ్లూ నేను రాసిన కార్డులాగే ఉంది. నిజంగా పడిందని రాస్తే ఇంకా అబద్ధంలా ఉంది. కార్డు జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. తలుపు ఆమే తీసింది.

"రేపు నాకు డ్యూటీ ఉంది," అన్నాను. "మంత్రి వస్తున్నాడు. రాలేను."

ఆమె నా చేతుల వైపు చూసింది. సంచి లేదు, ఏమీ లేదు.

"ఈ ఒక్క మాట చెప్పేదానికి కదిరి నుంచి వచ్చినారా?"

"ఊ. ఆఖరి బస్సుకు తిరిగి పోవాలి."

లోపల నా కూతురు పాఠం పైకి చదువుకుంటోంది, నేను వచ్చింది తనకు తెలియదు. నా భార్య తలుపు రెక్క ఇంకొంచెం తెరిచి పక్కకు జరిగింది.

బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.